నూటికి ఇద్దరి మాట చట్టమయ్యేదెలా?

అమెరికాలో సేద్యాన్ని నమ్ముకుని బతికేవారు ఇవాళ నూటికి ఇద్దరికి మించరు. 1933లో రూజ్‌వెల్ట్ తొలి సాగు చట్టం తెచ్చేనాటికి నలుగురిలో ఒకరు పొలం మీదే ఉండేవారు. జనం ఇంతగా తరిగినా, అయిదేళ్లకోసారి ఆ దేశపు కాంగ్రెస్ ఒక వ్యవసాయ బిల్లును ముందేసుకుని నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి పోట్లాడుతుంది. 2014లో అలా తేలిన చట్టానికి పదేళ్లలో అయ్యే ఖర్చు 95,600 కోట్ల డాలర్లని అంచనా వేశారు. చేతిలో ఓట్లు అంతంతమాత్రంగా ఉన్నవారికి ఇంత పలుకుబడి ఎక్కడిది? పల్లె సీటు నుంచి వచ్చిన సభ్యుడు నగరాల సభ్యులతో నిండిన సభలో తన మాట ఎలా నెగ్గించుకుంటాడు? నెగ్గించుకున్నది చివరికి ఎవరికి చేరింది?

జవాబు వెతకడానికి 2012 నుంచి 2015 దాకా నడిచిన రెండు పోరాటాలు బాగా పనికొస్తాయి. ఒకటి వ్యవసాయ బిల్లుది. రెండోది ఎగుమతులకు అప్పులూ పూచీలూ ఇచ్చే ఎక్సిమ్ బ్యాంకుది. రెండింటిలోనూ ఇద్దరు పల్లె సభ్యుల పేర్లు వినిపిస్తాయి. ఫ్రాంక్ లూకస్ ఓక్లహోమా పడమటి జిల్లాల రైతు, పశువుల పెంపకందారు. చదివింది వ్యవసాయ ఆర్థికశాస్త్రం. 1994లో సభకు వచ్చారు. 2011 నుంచి నాలుగేళ్లు ప్రతినిధుల సభ వ్యవసాయ సంఘానికి అధ్యక్షత వహించారు. స్టీఫెన్ ఫించర్ టెన్నెసీ రాష్ట్రంలో ఫ్రాగ్ జంప్ అనే పల్లెకు చెందిన పత్తి రైతు, కుటుంబంతో కలిసి భక్తిగీతాలు పాడే గాయకుడు. ప్రభుత్వ ఖర్చు తగ్గించాలన్న గాలి బలంగా వీచిన 2010 ఎన్నికల్లో గెలిచారు. ఇద్దరూ రిపబ్లికన్లే. వారి మాటలూ ఓట్లూ, వాటి వెనకున్న ఎనభై ఏళ్ల చరిత్రా కలిపి చదివితే తేలేది ఇది: పల్లె ప్రతినిధి బలం సంఖ్యలో లేదు, సిద్ధాంతంలో అసలే లేదు. ఎదుటివారితో కుదుర్చుకునే బేరంలోనూ, సభా నిబంధనల మీద ఉన్న పట్టులోనూ ఉంది. బేరం చెడినప్పుడల్లా నష్టం పల్లె దాకా వచ్చింది.

ఓట్లు కూడిన తీరు

ప్రతినిధుల సభలో 435 మంది సభ్యులు. మెజారిటీకి 218 కావాలి. 1964కు ముందు పల్లె సీట్లలో జనం తక్కువ, నగర సీట్లలో ఎక్కువ ఉండేవారు కనుక పల్లె ఓటుకు బరువెక్కువ. ఆ ఏడాది వెస్‌బెరీ కేసులో సుప్రీంకోర్టు నియోజకవర్గాలన్నిటా జనాభా సమానంగా ఉండాలని తేల్చింది. పల్లె సభ్యులకు అంతకాలం కలిసొచ్చిన లెక్క అక్కడితో చెల్లిపోయింది.

అదే ఏడాది కొత్త లెక్క మొదలైంది. సెయింట్ లూయిస్ నగరం నుంచి వచ్చిన లెనోర్ సల్లివన్ పేదలకు ఆహారం కొనుక్కునే ఫుడ్ స్టాంపులు ఇచ్చే బిల్లు కోసం ఏళ్లుగా పట్టుబట్టి ఉన్నారు. దక్షిణాది, పల్లె సభ్యులకు గోధుమ, పత్తి బిల్లు కావాలి. ఒకరికొకరు ఓట్లు ఇచ్చిపుచ్చుకోవడంతో 1964 ఏప్రిల్‌లో రెండూ ఒకదాని వెంట ఒకటి సభ దాటాయి. 1973కి వచ్చేసరికి ఫుడ్ స్టాంపులను వ్యవసాయ బిల్లులోనే కలిపేశారు. 1977లో కాన్సాస్ రిపబ్లికన్ బాబ్ డోల్, సౌత్ డకోటా డెమోక్రాట్ జార్జ్ మెక్‌గవర్న్ కలిసి ఆ పథకాన్ని సంస్కరించారు. ఇద్దరూ గోధుమ పండే నేలల సెనేటర్లే. పండించేవాడి బిల్లుకీ తినేవాడి బిల్లుకీ ఒకే కవరు. నగర సభ్యుడు పొలం గడప తొక్కకపోయినా ఓటేస్తాడు, పల్లె సభ్యుడికి ఫుడ్ స్టాంపులు రుచించకపోయినా ఓటేస్తాడు.

ఈ ఒప్పందం వెనక ఇంకో ఏర్పాటుంది. 1938, 1949 నాటి సాగు చట్టాలను ఎన్నడూ రద్దు చేయలేదు. ప్రతి కొత్త బిల్లూ వాటిని కొన్నేళ్లపాటు పక్కన పెడుతుందంతే. గడువు ముగిసినా కొత్త చట్టం రాకపోతే 1949 నాటి మద్దతు ధరలు మళ్లీ అమల్లోకి వస్తాయి, పాల ధర రెట్టింపయ్యే ప్రమాదం ఉంటుంది. సభ్యులు తమను తాము తొందరపెట్టుకోవడానికి కావాలనే ఉంచుకున్న ఏర్పాటు అది. 2012 చివర్లో అమెరికా పత్రికల నిండా ఈ పాల ధర వార్తలే.

రెండు ముక్కలైన బిల్లు

2012 జూన్‌లో సెనేట్ తన బిల్లు ఆమోదించింది. జులైలో లూకస్, మిన్నెసోటా డెమోక్రాట్ కాలిన్ పీటర్సన్ కలిసి తమ సంఘంలో మరో బిల్లు గట్టెక్కించారు. అర్ధ శతాబ్దంలో అంతటి కరువు చూడని వేసవి అది. అయినా స్పీకర్ బేనర్ బిల్లును సభ ముందుకే తేలేదు. సొంత పార్టీలోని కొత్త సభ్యులు ఫుడ్ స్టాంపుల కోత చాలదంటున్నారు, కోత పెంచితే డెమోక్రాట్లు దూరమవుతారు. సెప్టెంబరులో పాత చట్టం గడువు తీరిపోయింది. 2013 జనవరిలో పన్నుల చట్టానికి తగిలించి దాన్నే పొడిగించారు.

2013 జూన్ 20న బిల్లు ఎట్టకేలకు సభకు వచ్చింది. చివరి గంటల్లో ఫుడ్ స్టాంపులకు పని షరతు పెట్టే అవకాశాన్ని రాష్ట్రాలకు ఇచ్చే సవరణ నెగ్గింది. దాంతో డెమోక్రాట్లు చాలామంది తప్పుకున్నారు. మార్పులు చాలవనేవారూ ఎక్కువయ్యాయనేవారూ ఇద్దరూ బిల్లును ముందుకు పోనివ్వాలని లూకస్ బతిమాలారు. ఫలితం 195–234. లూకస్ సొంత పార్టీ నుంచే 62 మంది వ్యతిరేకించారు. సంఘంలో ఉభయ పార్టీలూ కలిసి వండిన బిల్లు సభలో ఇలా ఓడిపోవడం అంతకుముందు ఎవరూ ఊహించనిది.

తర్వాత నాయకత్వం బిల్లును రెండుగా కోసింది. సాగు ఒకటి, ఆహారం ఒకటి. 532 రైతు, ఇతర సంఘాలు విడదీయొద్దని స్పీకర్‌కు లేఖ రాశాయి. ఆ కవరు చిరిగితే ముందుముందు తమకు ఓట్లు పుట్టవని వాటికి తెలుసు. అయినా జులై 11న సాగు బిల్లు ఒక్కటే 216–208తో నెగ్గింది, ఒక్క డెమోక్రాట్ ఓటూ లేకుండా. సెప్టెంబరులో ఫుడ్ స్టాంపుల్లో పదేళ్లకు సుమారు 3,900 కోట్ల డాలర్లు కోసే బిల్లు 217–210తో బయటపడింది.

సెనేట్‌తో సంప్రదింపుల దగ్గర కథ మళ్లీ మొదటికొచ్చింది. సెనేట్ వ్యవసాయ సంఘం అధ్యక్షురాలు డెబీ స్టాబెనో, లూకస్, పీటర్సన్, మిసిసిపీ సెనేటర్ థాడ్ కాక్రన్ బేరం కుదిర్చారు. రెండు ముక్కలూ మళ్లీ ఒకటయ్యాయి. కోత 800 కోట్ల డాలర్ల దగ్గర ఆగింది. ప్రతినిధుల సభలో 251–166, సెనేట్‌లో 68–32. 2014 ఫిబ్రవరి 7న ఒబామా మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో సంతకం చేశారు. రెండేళ్ల రభసలో సగం ఓట్లకోసం, సగం పేరుకోసం. మధ్యలో నష్టపోయింది, ఏ పథకం ఉంటుందో తెలియకుండా విత్తనం కొన్న రైతు.

చెక్కు ఎవరి పేర వచ్చింది

2014 చట్టం ఖర్చులో దాదాపు 80 శాతం ఫుడ్ స్టాంపులదే. మిగిలిన దానిలో అసలు మార్పు, పొలానికి నేరుగా ఇచ్చే చెల్లింపులను ఎత్తేయడం. ఏటా దాదాపు 500 కోట్ల డాలర్లు ఆ పద్దులో పోయేవి. ధర బాగున్నా వచ్చేవి, పొలం బీడు పెట్టినా వచ్చేవి. ఎప్పుడో నమోదైన విస్తీర్ణమే ప్రమాణం. 2000 తర్వాత ఆరేళ్లలో 130 కోట్ల డాలర్లు అసలు సేద్యమే చేయనివారికి వెళ్లాయని 2006లో వాషింగ్టన్ పోస్ట్ లెక్క తేల్చింది. టెక్సాస్‌లో ఒకప్పటి వరి భూములు ఇళ్ల స్థలాలయ్యాక కూడా వాటి పేర చెక్కులు వస్తూనే ఉన్నాయి. చెల్లింపు వస్తుందని తెలిసిన భూస్వామి కౌలు పెంచుతాడు, కాబట్టి సాయంలో కొంత భాగం దున్నేవాడి చేతిలోంచి జారిపోతుంది.

ఈ ఒక్క విషయం మన పాఠకులకు బాగా తెలిసినదే. అమెరికా ఈ పద్ధతిని వదిలేసిన నాలుగేళ్లకు, 2018 మేలో తెలంగాణ ఎకరాకు సీజనుకు 4,000 రూపాయల చొప్పున రైతుబంధు మొదలుపెట్టింది. పాసు పుస్తకం ఎవరి పేర ఉంటే డబ్బు వారికి. కౌలు రైతుకు లేదు. 2019లో వచ్చిన పీఎం కిసాన్‌కీ భూమి పత్రమే ఆధారం. రెండు దేశాల పొలాలకూ పోలిక లేదు, అక్కడి కమతం వందల ఎకరాల్లో ఉంటుంది. కానీ భూమి రికార్డును చూసి డబ్బిస్తే అది సాగుదారుకు కాకుండా హక్కుదారుకు చేరుతుందన్న పాఠం మాత్రం రెండు చోట్లా ఒకటే.

నేరు చెల్లింపుల స్థానంలో అమెరికా రెండు పథకాలు పెట్టింది. ఒకటి ధర పడినప్పుడు, ఇంకోటి రాబడి పడినప్పుడు ఆదుకునేది. దానికి తోడు పంటల బీమాను విస్తరించింది. రైతు కట్టాల్సిన ప్రీమియంలో సగటున 60 శాతానికి పైగా ప్రభుత్వమే భరిస్తుంది. ఇది ఆదాయ సాయం కాదు, నష్టాన్ని పంచుకోవడమన్నది వ్యవసాయ సంఘం వాదన. వినడానికి సబబుగానే ఉంది. అయితే కొత్త పథకాలూ పాత విస్తీర్ణాన్నే పట్టుకుని డబ్బిచ్చాయి. ధాన్యం ధరలు పడిన తర్వాత వాటి చెల్లింపులు పాత చెక్కుల మొత్తాన్ని దాటిపోయాయి. పద్దు పేరు మారిందే గానీ బరువు తగ్గలేదు.

ఇక్కడే ఫించర్ వైఖరి విమర్శకులకు దొరికిపోయింది. 2013లో ఫుడ్ స్టాంపుల చర్చలో ఆయన, పని చేయనివాడు తినకూడదన్న బైబిలు మాటను గుర్తుచేశారు. 1999 నుంచి 2012 దాకా ఆయన సేద్యానికి 34.8 లక్షల డాలర్ల సబ్సిడీ అందిందని ఎన్విరాన్‌మెంటల్ వర్కింగ్ గ్రూప్ అనే సంస్థ బయటపెట్టింది. దాన్ని ఒక మనిషి ద్వంద్వ నీతిగా చూపించి ఊరుకోవడం తేలిక. అసలు చూడాల్సింది, చట్టం రెండు చేతులతో ఇచ్చే డబ్బుకు సభ రెండు రకాల పేర్లు పెట్టిన తీరు. పొలానికి ఇస్తే అది రక్షణ, కంచానికి ఇస్తే అది అలవాటు చెడగొట్టడం. ఆ తేడాను పల్లె సభ్యులు గట్టిగా పట్టుకున్నకొద్దీ నగరాల ఓట్లు దూరమయ్యాయి.

ప్రభుత్వ పూచీ మీద సరకు

పండించడం ఒక ఎత్తు, అమ్ముకోవడం ఇంకో ఎత్తు. విదేశీ కొనుగోలుదారు సొమ్ము వెంటనే ఇవ్వడు, అతని బ్యాంకు నిలబడుతుందో లేదో తెలియదు. ఆ భయాన్ని ప్రభుత్వం తన మీద వేసుకోవడమే ఎగుమతి రుణ వ్యవస్థ సారం. ఊళ్లో అప్పుకు జామీను నిలబడటం లాంటిదే ఇది: సంతకం పెట్టిన రోజు చేతిలోంచి రూపాయి పోదు, పోయిన రోజు మాత్రం మొత్తం పోతుంది. అందుకే దీని మీద లాభనష్టాల తగువు ఎన్నటికీ తెగదు.

ధాన్యానికి ఈ జామీను ఇచ్చేది 1933లో పుట్టిన కమోడిటీ క్రెడిట్ కార్పొరేషన్. ఖజానా నుంచి 3,000 కోట్ల డాలర్ల దాకా అప్పు తీసుకునే హక్కు దానికుంది. మిగులు గోధుమల్ని విదేశాలకు పంపే 1954 నాటి పీఎల్ 480 చట్టం మన తాతల తరానికి రేషన్ షాపులో కలిసిన పేరు. మనం రూపాయల్లో కట్టిన ఆ బాకీ పేరుకుపోయి, 1974లో అమెరికా రాయబారి మోయినిహాన్ 1,664 కోట్ల రూపాయల చెక్కు తిరిగి ఇచ్చారు. అప్పటికే సాయం యుగం పోయి పూచీల యుగం వస్తోంది. జీఎస్ఎం 102 అనే పథకం కింద విదేశీ బ్యాంకు బాకీ ఎగ్గొడితే కార్పొరేషన్ కడుతుంది. ఏటా 550 కోట్ల డాలర్ల పూచీలకు వ్యవసాయ బిల్లే చోటిస్తుంది.

ఈ పూచీ మీద గట్టి దెబ్బ పత్తి వైపు నుంచి తగిలింది. అమెరికా పత్తి సబ్సిడీలు ప్రపంచ ధరను కిందికి తొక్కుతున్నాయని 2002లో బ్రెజిల్ ప్రపంచ వాణిజ్య సంస్థకెక్కింది. 2005 నాటికి గెలిచింది. జీఎస్ఎం 102 కూడా దొడ్డిదారి ఎగుమతి సబ్సిడీయేనని తీర్పులో తేలింది. ప్రతీకార సుంకాలు తప్పించుకోవడానికి 2010 నుంచి అమెరికా ఏటా 14.73 కోట్ల డాలర్లు బ్రెజిల్ పత్తి సంస్థకు కట్టింది. అంటే తన రైతుకు సబ్సిడీ ఇస్తూ, దాన్ని కొనసాగించడం కోసం పరాయి రైతుకూ డబ్బిచ్చింది. 2014 చట్టం పత్తిని ఇతర పంటల పథకాల నుంచి తీసేసి ప్రత్యేక బీమా పెట్టాక, అక్టోబరులో 30 కోట్ల డాలర్లిచ్చి వివాదం ముగించుకుంది. పూచీ గడువునూ 18 నెలలకు కుదించింది. అదే ధరకు తలవంచిన గుంటూరు, వరంగల్ పత్తి రైతులకు ఆ ఒప్పందంలో పైసా రాలేదు. బ్రెజిల్ దావా వేసింది, మనం వేయలేదు.

యంత్రాలకూ విమానాలకూ పూచీ ఇచ్చేది ఎక్సిమ్ బ్యాంకు. సోవియట్ వ్యాపారం కోసం 1934లో రూజ్‌వెల్ట్ ఉత్తర్వుతో పుట్టి, 1945లో చట్టబద్ధమైంది. పల్లె సభ్యుడికి దీనితో ఏం పని అనుకోవచ్చు. టెక్సాస్‌లోని ఆల్నీ అనే చిన్న ఊళ్లో పొలాల మీద మందు చల్లే విమానాలు తయారుచేసే ఎయిర్ ట్రాక్టర్ కంపెనీ తన విదేశీ అమ్మకాలకు ఈ బ్యాంకు మీదే ఆధారపడింది. ధాన్యం గాదెలు, నీటి పారుదల యంత్రాలు, ట్రాక్టర్ల విడిభాగాలు చేసే కర్మాగారాలు చాలావరకు ఇలాంటి ఊళ్లలోనే ఉంటాయి. పొలంలో పనులు తగ్గిన ఊరికి మిగిలిన జీతాలు అవే.

విమర్శకులు దీన్ని బోయింగ్ బ్యాంకు అంటారు, కారణం లేకపోలేదు. 2014లో ఇచ్చిన 2,050 కోట్ల డాలర్లలో చిన్న కంపెనీల వాటా విలువలో నాలుగో వంతే. లావాదేవీల సంఖ్యలో చూస్తే మాత్రం దాదాపు 90 శాతం. ఎటువైపు వాదించాలనుకుంటే అటువైపు అంకె సిద్ధంగా ఉంది. ఆ ఏడాది బ్యాంకు ఖజానాకు 67.5 కోట్ల డాలర్లు జమ చేసింది. ప్రభుత్వ లెక్కల పద్ధతిలో పదేళ్లకు 1,400 కోట్ల డాలర్ల మిగులు, మార్కెట్ రిస్కును కలిపితే 200 కోట్ల నష్టమని కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం చెప్పింది. జామీను ఖరీదు ఎంతన్నది ఎవరు లెక్క వేశారన్న దాన్ని బట్టి మారుతుంది.

ఆ పూచీల నీడ మన దాకా పడింది. ఎయిర్ ఇండియా బోయింగ్ విమానాల కొనుగోలుకు 340 కోట్ల డాలర్ల పూచీ ఇవ్వడం తమ పొట్ట కొట్టడమేనంటూ 2011లో డెల్టా, ఇతర విమాన సంస్థలు కోర్టుకెళ్లాయి. అప్పటి తూర్పు గోదావరి జిల్లా సామర్లకోటలో రిలయన్స్ పవర్ 2,400 మెగావాట్ల గ్యాస్ విద్యుత్ కేంద్రం తలపెట్టింది. అమెరికా ఎక్సిమ్ అప్పుతో జీఈ టర్బైన్లు వచ్చాయి. కృష్ణా గోదావరి బేసిన్‌లో గ్యాస్ తగ్గిపోవడంతో కేంద్రం నడవలేదు. యంత్రాల్లో కొంత భాగం చివరికి బంగ్లాదేశ్‌లోని మేఘనాఘాట్‌కు తరలింది. టర్బైన్ అమ్ముడైన రోజే అమెరికా కర్మాగారానికి జీతాలు ముట్టాయి. మిగిలిన తలనొప్పి ఇక్కడి అప్పు ఖాతాలో చేరింది. ఎగుమతి రుణాన్ని పొగిడే ప్రసంగాల్లో ఈ రెండో సగం వినిపించదు.

218 సంతకాలు

బ్యాంకు అనుమతి పత్రం 2015 జూన్ 30 అర్ధరాత్రి తొలిసారి మురిగిపోయింది. ఆర్థిక సేవల సంఘం అధ్యక్షుడు, టెక్సాస్ సభ్యుడు జెబ్ హెన్సార్లింగ్ దాన్ని పెద్ద కంపెనీలకు దోచిపెట్టే ఏర్పాటుగా భావించి, బిల్లును సంఘం దాటనివ్వలేదు. ఆయన పట్టుదలలో నిజాయితీ ఉంది. కానీ 435 మంది సభకు బదులు ఒక్క అధ్యక్షుడు నిర్ణయించడం సరైనదేనా అన్నది వేరే ప్రశ్న.

సంఘంలో బిల్లు 30 పని దినాలు కదలకుండా పడి ఉంటే, 218 మంది సంతకాలతో దాన్ని నేరుగా సభకు లాక్కురావచ్చు. దాదాపు తొంభై ఏళ్లుగా ఉన్న నిబంధన ఇది. వాడటం అరుదు, గెలవడం మరీ అరుదు. సొంత నాయకత్వం మీద సంతకం పెట్టినవాడికి తర్వాత మంచి సంఘంలో చోటు దొరకకపోవచ్చు. 1993 దాకా సంతకాలు రహస్యం. నియోజకవర్గంలో మద్దతు పలికి, సభలో సంతకం పెట్టకుండా తప్పించుకునే వీలుండేది. వాటిని బయటపెట్టాలని పోరాడి సాధించింది ఓక్లహోమా సభ్యుడే, జిమ్ ఇన్‌హాఫ్.

2015 అక్టోబరు 9న ఫించర్ దాఖలు చేసిన అర్జీకి, లూకస్ వంటి పల్లె సభ్యులు కలిసిరాగా, 218 సంతకాలు పూర్తయ్యాయి. అందులో 42 మంది రిపబ్లికన్లు. బేనర్ రాజీనామా ప్రకటించి రెండు వారాలైంది, నాయకత్వం పట్టు సడలిన సమయం. 26న 246–177తో బిల్లు సంఘం నుంచి బయటికొచ్చింది. 27న 313–118తో నెగ్గింది. 2002 తర్వాత ఇలా గెలిచిన తొలి అర్జీ ఇదే. అసలు సంగతి ఆ ఓట్ల విడివిడి లెక్కలో ఉంది. రిపబ్లికన్లలో 127 మంది అనుకూలం, 117 మంది వ్యతిరేకం. పార్టీకి ఇష్టం లేదని నాలుగు నెలలు ఆపిన బిల్లును ఆ పార్టీలో ఎక్కువమందే కోరుకున్నారు. డిసెంబరు 4న రహదారుల చట్టంలో భాగంగా అది అమల్లోకి వచ్చింది. అప్పుల పరిమితి 13,500 కోట్ల డాలర్లకు తగ్గింది, చిన్న కంపెనీల వాటా లక్ష్యం 20 నుంచి 25 శాతానికి పెరిగింది. తెరిపించడానికి తిరగబడినవారే సంస్కరణలూ రాశారు.

గెలిచిన తర్వాత

చట్టం గెలిచినంత మాత్రాన పని గెలవదు. బ్యాంకు పాలక మండలికి కోరం లేకుండా సెనేట్ బ్యాంకింగ్ సంఘం అధ్యక్షుడు రిచర్డ్ షెల్బీ నియామకాలను ఆపేశారు. కోటి డాలర్లు దాటిన ఒప్పందం ఏదీ 2019 మే దాకా కదలలేదు. ఆ డిసెంబరులో బ్యాంకుకు 2026 చివరి దాకా ఆయుష్షు పొడిగించారు.

వ్యవసాయ బిల్లు కూడా 2018లో అదే దారి తొక్కింది. పని షరతులు బిగించిన బిల్లు మేలో 198–213తో ఓడింది. షరతులు సడలించిన తుది బిల్లు డిసెంబరులో ప్రతినిధుల సభలో 369–47, సెనేట్‌లో 87–13తో నెగ్గింది. అదే ఏడాది చైనాతో సుంకాల పోరు సోయాబీన్ రైతుల మీద పడింది. కమోడిటీ క్రెడిట్ కార్పొరేషన్ ద్వారా మొదట 1,200 కోట్లు, మరుసటి ఏడాది 1,600 కోట్ల డాలర్ల సాయం ప్రకటించారు. సభలో ఓటింగ్ లేదు, చర్చ లేదు. రైతుకు డబ్బు అందింది, రైతు ప్రతినిధికి పాత్ర లేకుండా పోయింది. సుంకం వేసేదీ పరిహారం ఇచ్చేదీ ఒకే కార్యాలయం అయినప్పుడు వ్యవసాయ సంఘం చూస్తూ కూర్చోవాల్సి వచ్చింది.

2018 చట్టం గడువు 2023లో తీరింది. పొడిగింపుల మీద పొడిగింపులు. 2025 జులై 4న సంతకమైన పన్నుల చట్టంలో పంటల ఆధార ధరలు పెంచారు. ఫుడ్ స్టాంపుల్లో పదేళ్లకు సుమారు 18,600 కోట్ల డాలర్లు కోశారు. సెనేట్‌లో 51–50, ప్రతినిధుల సభలో 218–214. ఎదుటి పార్టీ ఓటు అక్కర్లేని బడ్జెట్ దారిలో సాగుకు కావలసింది సాధించుకున్నారు. కానీ ఫుడ్ స్టాంపుల మీద ఆధారపడే కుటుంబాల వాటా నగరాల్లో కన్నా పల్లెల్లోనే ఎక్కువ. కోత పడింది తమ ఓటర్ల కంచాల్లోనే. 1964 నుంచి నడిచిన ఒప్పందంలో నగర సభ్యుడికి ఇక మిగిలిందేమిటి? మిగిలిన వ్యవసాయ బిల్లుకు అతను ఎందుకు చేయెత్తాలి?

తూచి చూస్తే

సబ్సిడీల విషయంలో విమర్శకులదే పైచేయి. పెద్ద కమతానికి పెద్ద చెక్కు, భూస్వామికి కౌలు లాభం, పరాయి దేశపు పత్తి రైతుకు ధరల దెబ్బ, వీటికి పల్లె సభ్యుల దగ్గర సరైన జవాబు లేదు. ఎగుమతి పూచీల విషయంలో తీర్పు మధ్యస్థం. మిగిలిన దేశాలు ఇస్తున్నప్పుడు ఒక్క దేశం మానుకోవడం కష్టమే, కానీ కొన్నవాడి నష్టాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు. చట్టాలు చేసే పద్ధతి విషయంలో మాత్రం లూకస్, ఫించర్ వంటివారి అనుభవం గట్టి పాఠం. సంఘంలో ఉభయ పార్టీలూ కూర్చుని రాసిన బిల్లే నిలిచింది, ఒంటిచేత్తో నెగ్గించిన బిల్లు వెనక్కి వచ్చింది. సభ్యుడికి తన నాయకత్వాన్ని ధిక్కరించే తోవ ఒకటి తెరిచి ఉండబట్టే మూతపడిన సంస్థ తెరుచుకుంది.

మనకు ఆ తోవ ఇప్పుడు లేదు, ఒకప్పుడు కొంత ఉండేది. 1959లో ఉమ్మడి సేద్యం తీర్మానం నచ్చక నిడుబ్రోలు రైతుబిడ్డ ఎన్.జి. రంగా కాంగ్రెస్ పార్టీని విడిచి స్వతంత్ర పార్టీకి అధ్యక్షుడయ్యారు. 1985 ఫిరాయింపుల నిరోధక చట్టం తర్వాత విప్ ధిక్కరిస్తే సీటే పోతుంది. సభ్యులు సొంతంగా పెట్టిన బిల్లుల్లో స్వాతంత్ర్యం వచ్చాక చట్టమైనవి 14, చివరిది 1970లో. 15వ లోక్‌సభలో 71 శాతం బిల్లులు స్థాయీ సంఘాల పరిశీలనకు వెళితే 17వ లోక్‌సభలో వెళ్లినవి 16 శాతం. 2020 జూన్‌లో మూడు సాగు చట్టాలు ఆర్డినెన్సులుగా వచ్చాయి. సెప్టెంబరు 20న రాజ్యసభలో మూజువాణి ఓటుతో రెండు గట్టెక్కాయి. ఏ సంఘమూ వాటిని చూడలేదు. ఏడాది పాటు రైతులు ఢిల్లీ సరిహద్దుల్లో కూర్చున్నాక 2021 నవంబరు 29న పార్లమెంటు వాటిని రద్దు చేసింది, అదీ చర్చ లేకుండానే. తెచ్చినప్పుడు అడగలేదు, తీసేసినప్పుడూ అడగలేదు.

కాబట్టి ఓటు కోసం వచ్చే పార్లమెంటు సభ్యుణ్ణి ఎకరాకు ఎంత ఇస్తారని మాత్రమే అడిగి ఊరుకోవద్దు. ఏ స్థాయీ సంఘంలో కూర్చున్నారు, ఎన్ని సమావేశాలకు వెళ్లారు, పత్తి దిగుమతి సుంకం మీదా, రొయ్యల ఎగుమతి మీదా, కౌలు రైతు అప్పు మీదా అక్కడ ఏం మాట్లాడారు, ఏ బిల్లును సంఘానికి పంపమని పట్టుబట్టారు అని అడగండి. ఆ ప్రశ్నలకు జవాబు చెప్పలేని ప్రతినిధి పథకాలు ప్రకటించగలడు గానీ రైతు తరఫున చట్టం చేయలేడు.